మూడు లావు తీగల మీద ఎద్దుల పాట

మా ఇంట్లో అందరూ ఉప్పూ చింతపండూ అమ్మి బతికినోళ్లే. నేనొక్కణ్ణే గిటారు పట్టినాను. అదీ డోన్ స్టేషనులో ఒక రైలు డ్రైవరు దగ్గర, ఆయనకు విసుగు పుట్టేదాకా బేరమాడి తెచ్చుకున్నది. పంతొమ్మిదివందల యాభైలలో మా కర్నూలు వైపు మేళాల్లో గిటారంటే వింత. ఆ మోజుతోనే బేతంచెర్ల పక్క ఊరి తిరునాళ్లలో బండలాగుడు పోటీకి నన్ను పిలిచినారు.

ఆ ఊర్లో పడమటి వీధికీ తూర్పు వీధికీ పగ. అప్పటికే తలలు తెగినాయి. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు: ఎద్దులు బండ లాగేటప్పుడు ఒక జతకు వాయించిన పాటే రెండో జతకూ వాయించాల. పాట మారితే ఎద్దులను కించపరిచినట్టే.

పడమటి జతకు సన్న తీగల మీద గబగబా వాయించినాను. తోలేవాడు ఎద్దుల వీపులు చిట్లేలా కొడుతున్నాడు. జత గీత దాటి నా మీదికే వచ్చింది. ఎద్దు మీద పడాల్సిన చెర్నాకోల గిటారు మీద పడింది. సన్న తీగలు మూడూ తెగినాయి. అందులో ఒకటి నా చెంప చీల్చింది.

అప్పటికే తూర్పు జతకు కాడి కట్టేసినారు. మిగిలిన మూడు లావు తీగల మీద అదే పాట పట్టి చూసినాను. సన్న తీగ మీద గింజల్లా రాలే స్వరాలు లావు తీగ మీద బురదలో బండి మాదిరి కూరుకుపోతున్నాయి. తూర్పు వీధి పెద్దమనిషి కట్టె పట్టుకొని వచ్చినాడు.

"ఏమప్పా శెట్టీ, మావాటికి ఏడుపు పాట వాయిస్తాండావా? వేళ్లు ఉండాల్నా, వద్దా?"

"ఉండాలన్నా. తక్కెడ పట్టేదానికైనా ఉండాల."

భయానికి బుర్ర పనిచేసింది. పాటంతా వాయిస్తేనే కదా చిక్కు! ఎద్దు అడుగు పడే చోట ఒక్క స్వరం పట్టుకొని మిగతావన్నీ వదిలేసినాను. మధ్య సందులను నా పక్కన వాయిస్తున్నాయన డోలు పూడ్చింది. బొంయ్, బొంయ్ అని పాట నేల కింద నుంచి వచ్చినట్టు పలికింది. పెద్దమనిషి కట్టె దించినాడు.

అంతటితో ఊరుకోవచ్చు. అంగడిలో పెరిగిన నోరు ఊరుకుంటుందా? పురుగు పట్టిన కందులను పాత పంట, రుచెక్కువ అని అమ్మిన వంశం మాది.

"చూడన్నా, ఇది ఎద్దు రంకె. ఇందాకటిది ఆడోళ్ల లాలిపాట. మంచి సరుకు మీకోసమని దాచిపెట్టినా."

మైకు నా మూతి ముందరే ఉంది.

పడమటి వైపు నుంచి మొదటి రాయి వచ్చింది. "మా ఎద్దులకు లాలిపాట వాయిస్తివేమిరా!" తూర్పువాళ్లు గొడ్డళ్లు తీసినారు. కాడి కట్టిన ఎద్దులు బెదిరి జనంలో పడి తొక్కినాయి. డోలు వాయించే ఆయనకు తల పగిలింది. ఎవడో నా ఎడమచేతిని బండకు ఆనించి మడమతో తొక్కినాడు. వేళ్లు విరిగిన చప్పుడు అంత గోలలోనూ నాకు వినపడింది.

చివరికి పడమటి వీధి పెద్దమనిషి నెత్తురు కారే తలకు తువ్వాల చుట్టుకొని వచ్చినాడు.

"మా జతను మళ్లీ కడతాండాం. ఆ రంకె మాక్కూడా వాయించు."

"వేళ్లు విరిచినారు కదన్నా!"

"అన్నీనా?"

బేరానికి తావు లేదు. మిగిలిన చూపుడు వేలితో లావు తీగ నొక్కినాను. ఎద్దులు కదిలినాయి. నొప్పికి నేను బావురుమంటే, తోలేవాడు వెనక్కి తిరిగి మెచ్చుకున్నాడు. "శానా బాగుండాదప్పా, ఆ అరుపు ఆపొద్దు!"