సీసాకి తొడిగిన మేజోడు

ఒట్మార్ తాత తన కాళ్ళకి మేజోళ్ళు మరిచిపోతాడు గానీ సీసాకి మరిచిపోడు. ఉన్ని మేజోడు తొడగందే ఆయన చేతి వైను ఎవరి గ్లాసులోకీ దిగదు. పెళ్ళయినా, చావు భోజనమైనా, పోస్టుమాను గుమ్మంలో నిలబడ్డా అదే వరస. "పేరు చదివారంటే నాలుక పడుకుంటుంది. ముందు తాగండి!" అంటాడు.

మేజోడులో ఉండేది బూజు తెగులును తట్టుకునే కొత్త రకం ద్రాక్ష వైను. రైను నది పక్కన ఆ కొండపల్లెలో రీస్లింగ్ కాక మరో ద్రాక్ష పేరెత్తితే చర్చిలో ఈల వేసినంత తప్పు. "జొహనిటరా? అదేం పేరయ్యా, దగ్గు మందులా!" అని రైతుల సంఘం అధ్యక్షుడు గుండోల్ఫ్ అందరికంటే గట్టిగా నవ్వేవాడు. పైగా తాత పోసేవాటిలో సగం నోట పెట్టలేం. ఎవరిదని అడిగితే మేజోడు ఊడదీయకుండానే, "నాదే! ఈ ఏడూ తగలేశాను" అనేవాడు. ఊరు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది.

ఇవాళ ఆ నవ్వు తన మీద పడుతుందేమోనని అదే ఊరి రైతు రోస్విటా భయం. వీపున తెగులు మందు డబ్బాతో ఏటవాలు తోటలో జారిపడి ఆమె మొగుడు యోస్ట్ తుంటి విరగ్గొట్టుకున్నాడు. దాంతో రీస్లింగ్ పీకించి, తాత మాట నమ్మి, మందు కొట్టే పని అంతగా ఉండని జొహనిటర్ నాటింది. పట్నం వైను వ్యాపారి డోర్‌ఫ్లింగర్ కొంటే సరి, లేకపోతే ఆ ద్రాక్ష తాము తీసుకునేది లేదని సంఘం తేల్చేసింది. మళ్ళీ రీస్లింగ్ పెడితే ఆ వాలులో డబ్బా మోసేదెవరు? తోట వదులుకోవాల్సిందే.

ఆ వ్యాపారి రుచి చూడ్డానికి వచ్చాడు; రైతులంతా చేరిన తన నేలమాళిగలో తాత రెండు మేజోళ్ళు బల్ల మీద నిలబెట్టాడు. ఒకటి ఎర్రది, ఒకటి చిరిగింది.

"తాతా, నాది ఏది?"

"నోరు మూసుకుని రొట్టె కొయ్యి."

డోర్‌ఫ్లింగర్ ఎర్రదాన్ని రుచి చూసి, మొహం చిట్లించి తొట్టిలో ఉమ్మేశాడు. "ఛీ! ఎవరిదిది?"

రోస్విటా చేతిలో కత్తి ఆగిపోయింది.

"నాదే!" అన్నాడు తాత. అందరూ గొల్లున నవ్వారు. చిత్రంగా గుండోల్ఫ్ మాత్రం బూట్లు చూసుకుంటున్నాడు.

"ఒట్మార్ గారూ, నా సమయం..." అంటూ వ్యాపారి టోపీ అందుకున్నాడు.

"ఇదొక్కటీ. తర్వాత నన్నే ఈ తొట్టిలో ముంచండి."

డోర్‌ఫ్లింగర్ విసుగ్గా రెండోది నోట్లో పోసుకున్నాడు. పుక్కిలించాడు. తొట్టి మీదకి వంగాడు. రోస్విటా కళ్ళు మూసుకుంది. ఉమ్మిన చప్పుడు రాలేదు. కళ్ళు తెరిచేసరికి ఆయన మింగేసి, మళ్ళీ గ్లాసు చాపుతున్నాడు.

"ఇదెవరిది?"

తాత మేజోడు సర్రున లాగేశాడు. "రోస్విటాది. జొహనిటర్. ఇప్పుడు చదువుకోండి!"

"మీ ఊళ్ళో దగ్గు మందంటారు, అదేనా?" డోర్‌ఫ్లింగర్ నవ్వేశాడు. "అయితే నాకు దగ్గొచ్చినట్టే. ఉన్నదంతా పంపించమ్మా."

రోస్విటాకి ఏడవాలో, తాతని వాటేసుకోవాలో తెలియలేదు. అందరూ వెళ్ళాక గ్లాసులు తీస్తూ ఎర్ర మేజోడు లాగింది. సీసా మీద గుండోల్ఫ్ ఇంటి ముద్ర!

వెనకే గుండోల్ఫ్ నిలబడి ఉన్నాడు, మొహం ఆ మేజోడుకంటే ఎర్రగా. "కొట్టం వెనక కాసిని జొహనిటర్ తీగలేనమ్మా... ఊరికే చూద్దామని... ఎవరితో అనకు."

రోస్విటా సీసాకి మేజోడు మళ్ళీ తొడిగేసింది. గుండోల్ఫ్ మెట్లెక్కి మాయమయ్యాక తాత వైపు తిరిగింది.

"అంటే ఇన్నేళ్ళూ నువ్వు తగలేసినవన్నీ..."

"కొత్తగా నాటినవాళ్ళవి. మొదటేడే ఊరు నవ్వితే రెండో ఏడు ఎవడు నాటుతాడే? బాగుంటే వాళ్ళది, బాగోకపోతే నాది."

"మరి నీ వైనెప్పుడు పోస్తావు?"

తాత కంగారుగా మెట్లవైపు చూసి గొంతు తగ్గించాడు.

"పొయ్యకూడదే. అది చాలా బాగుంటుంది. ఒక్కడు తాగినా నా అబద్ధమంతా బయటపడిపోతుంది!"