దాకా అంటే ఎందాకా?

మిరపకాయల ఘాటుకి తుమ్ముకుంటూ, ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌కి కోడు రాసే మనిషి మా ప్రత్తిపాడులో నేనొక్కదాన్నే. పందెం కాస్తాను. కాన్పు తరవాత మూడేళ్ళు ఇంట్లో ఉండి, మంగళగిరిలో ఓ చిన్న ఆఫీసులో మళ్ళీ చేరాను. ఆర్నెల్లు ట్రయల్. అప్పజెప్పిన ఈ ఒక్క పనిని, లోకమంతా వాడే ఆ కెర్నెల్‌ని చూసుకునే పెద్దలు ఒప్పుకుంటే పర్మినెంటు, లేకపోతే నమస్కారం. ఇంతలో అమ్మ మిరపకోతలకి తోడుండమంది. లాప్‌టాప్, కోడు నడిపి చూసుకునే టెస్టు బోర్డు సంచిలో పడేసుకుని వచ్చేశాను.

పనేమిటంటే, బోర్డు మీదున్న ప్రతి పరికరానికీ మెమరీలో ఇంత జాగా అని ఉంటుంది. వాడుకునే ముందు కెర్నెల్ ఆ జాగాని తన పటంలోకి ఎక్కించుకోవాలి. మా కోడులో ఒక్కో పరికరాన్ని నడిపే ముక్కని డ్రైవరంటాం; ఏ డ్రైవరుకి ఆ డ్రైవరు సొంతంగా పటం గీసుకునేది, తలా ఒక తీరు. ఆ గందరగోళమంతా పీకేసి అందరికీ కలిపి ఒకే ఫంక్షను రాశాను. హద్దు దాటితే ఆపెయ్యమని కాపలా కూడా పెట్టాను. అబ్బ, ఎంత ముద్దొచ్చిందో! బోర్డుకి మాత్రం నచ్చలేదు. ఏ పరికరమైనా సరే, దాని జాగాలో ఆఖరి గడి, అదే చివరి రిజిస్టరు దగ్గరికి రాగానే హద్దు దాటావంటూ ఆగిపోయేది. రెండు రోజులు జుట్టు పీక్కున్నాను. గడువు ఇంకొక్క రోజే.

విసుగొచ్చి పొద్దున్నే అమ్మ వెంట చేలోకి వెళ్ళాను. అక్కడ అమ్మకీ పక్కచేను ఆసామికీ టేపు పట్టుకుని యుద్ధం మొదలైంది.

“రాయి నుంచి గట్టు దాకా నీది అక్కా. దాకా అంటే గట్టు ముందు వరకూ!”

“ఏం మాట్లాడుతున్నావయ్యా? దాకా అంటే గట్టు కలుపుకునే! గుంటూరు దాకా టిక్కెట్టు కొని గుంటూరు ముందే దిగిపోతావా?”

కోతకొచ్చినవాళ్ళు పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. జాగా మొదలు ఇది, చివర ఇది అని కెర్నెల్ రెండు అంకెలిస్తుంది. ఆ చివరి అంకె కూడా మన జాగాలోదే. నేనేమో చివరలోంచి మొదలు తీసేసి, అదే కొలత అనుకున్నాను. ఒకటి కలపాలి! ఒక్కటంటే ఒక్కటి!

“అమ్మా, నువ్వే కరెక్టు!” అని అరిచి గట్టు మీద గంతేశాను.

“విన్నావా? ఇంజనీరే చెప్పింది,” అంది అమ్మ. ఆసామి పాపం నా చదువుకి జడిసి టేపు చుట్టేశాడు.

ఇంటికి పరుగెత్తి ఆ ఒకటీ కలిపాను. బోర్డు కిక్కురుమనకుండా నడిచింది. కోడు పెద్దలకి పంపే ముందు, సలహా ఎవరిచ్చారో అందులోనే రాయడం మా కెర్నెల్‌వాళ్ళ ఆచారం. ఆ ఊపులో అమ్మ పేరు ఇంటిపేరుతో సహా రాసేశాను.

వారానికి, మీ కోడు తీసుకున్నామని కెర్నెల్ పెద్దల మెయిల్ వచ్చింది. వెంటనే మేనేజరు ఫోను: “పర్మినెంటు అయిపోయిందండీ!” సంతోషం పట్టలేక అమ్మని ఎత్తుకుని తిప్పేశాను.

“వదలవే, నడుం విరుగుద్ది!”

“నా కోడు ఏ దేశంలో ఎవరు తీసి చూసినా ఇక నీ పేరు కనపడుద్దమ్మా!”

అమ్మ చేతిలో కాయలు కింద పెట్టింది. “ఏ ఇంటిపేరు వేశావే? మా నాన్నదా, మీ నాన్నదా?”

“మా నాన్నదేనమ్మా.”

“మా నాన్నది వెయ్యరాదూ? మార్చు.”

“ఒకసారి ఎక్కాక మార్చడం కుదరదమ్మా.”

“నా పెళ్ళిలోనూ ఇదే చెప్పార్లే,” అంది అమ్మ.