మగ్గం మీద వార్పు ఉన్నంతకాలం

నాకు కుదురు లేదు. ఇంట్లోవాళ్లు మొదటినుంచీ అంటున్న మాటే, నేను ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇల్లు హిందూపురంలో, ఆఫీసు పెనుకొండలో. పని మాత్రం నీళ్లు రాని చోటో, నీళ్లు ఎక్కువైన చోటో. మాది చిన్న స్వచ్ఛంద సంస్థ, ఇంజినీర్ని నేనొక్కణ్ణే. బోరింగు బాగుచేయడం నుంచి బడి మరుగుదొడ్డికి వాలు చూడడం దాకా అన్నీ నా నెత్తినే. పని లేని రోజున ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతాను, పనున్న రోజున ప్యాసింజర్ రైల్లో తిరుగుతాను. అంతే తేడా.

ఈమధ్య వానలు గట్టిగా పడ్డప్పుడు ధర్మవరం నుంచి పిలుపు వచ్చింది. ఒక ఇంట్లో మగ్గం గుంతలో నీళ్లు ఊరుతున్నాయట. అక్కడి మగ్గాల ముందు నేలలో గుంత ఉంటుంది. నేసేవాళ్లు గట్టున కూర్చుని, కాళ్లు గుంతలోకి దించి తొక్కుతూ నేస్తారు. వానాకాలంలో ఆ నీళ్లు అడుగునుంచి వస్తాయి కాబట్టి ఎంత తోడినా మళ్లీ ఊరుతూనే ఉంటాయి. చెమ్మకు పట్టు పోగులు వదులైపోతాయి, పని ఆగిపోతుంది. నేను వెళ్లేసరికి ఆ ఇంటావిడ చీర మోకాళ్ల దాకా ఎగదోపుకుని గుంతలో నిలబడి చెంబుతో నీళ్లు తోడుతోంది.

"నువ్వేనా అప్పా ఇంజినీరు?" అంది తల ఎత్తకుండానే. "పోయినేడు గూడా ఒకాయప్ప వచ్చి ఫోటోలు తీసుకొని పాయ. నీళ్లు మాత్రం ఈడనే ఉండాయి."

నాకు చురుక్కుమంది. ఆ రోజే కొలతలు తీసుకున్నాను. గుంత పూడ్చేసి, ఇనుప చట్రం మీద మగ్గాన్ని పైకెత్తి, బల్ల మీద కూర్చుని నేసేలా చేద్దామన్నాను. భార్యాభర్తలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు భర్త మెల్లగా పైకి చూపించాడు. రేకుల కప్పు మరీ కిందికుంది. మగ్గం లేపితే దాని నెత్తిన ఉండే, చీర మీద డిజైను తీసే జకార్డు పెట్టె వెళ్లి రేకులకు తగులుతుంది. అంటే గోడలు కూడా లేపాలి. పైగా అది అద్దె ఇల్లు.

ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయన అదే వీధిలో ఉంటాడు. ఆయనా ఒకప్పుడు నేసినవాడే, చూపు తగ్గాక మానేశాడు. "మీరే చేయించుకుంటే నాకేమప్పా అడ్డం, చేసుకోండి," అన్నాడు. నేనిక ఆగుతానా? చట్రం కోసం హిందూపురంలో వెల్డింగ్ షాపు ముందు కాపలా కాశాను, మేస్త్రీని బతిమాలాను, ఆఫీసులో అందరి ప్రాణాలూ తోడేశాను. రేకులు పైకి లేచాయి, గుంత పూడింది, మగ్గం నిలబడింది. మొదటిరోజు బల్ల మీద కూర్చుని ఆమె కాసేపు నేసి, వంగి తన పాదాలు తడిమి చూసుకుంది. "పొడిగా ఉండాయప్పా," అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

నెల తిరక్కుండా భర్త ఫోన్ చేశాడు, ఇల్లు ఖాళీ చేయమన్నారని. ఇంటాయన కొడుక్కి ఆ ఇల్లు కావాలట, పవర్‌లూమ్ పెట్టుకుంటాడట. ఇన్నాళ్లూ తడిగా, తల తగిలేలా ఉన్న ఇంటి వంక చూడనివాడికి ఇప్పుడు అది బంగారంలా కనిపించింది. దాన్ని బంగారం చేసింది నేనే. పెనుకొండ నుంచి ధర్మవరం దాకా రైల్లో ఒక్కచోట కూర్చోలేకపోయాను.

నేరుగా వెళ్లి ఆ పెద్దాయన మీద మండిపడ్డాను. ఆయన నా అరుపులన్నీ విన్నాడు.

"నేనేం చేసేది సామీ, కొడుకు అడుగుతాండాడు," అన్నాడు. "అయితే ఒకటి. మగ్గం మీద వార్పు ఉండంగ లేచిపోమని నా నోటితో అనలేను. అది అయిపోయినంక ఖాళీ చేయమను."

వార్పు అంటే చీరకు నిలువునా సాగే పోగుల చుట్ట. ఒక చుట్టకు కొన్ని చీరలు వస్తాయి, ఆ తర్వాత అయిపోతుంది. ఆ కొన్ని చీరలే వాళ్లకు గడువు. వీధి వీధీ తిరిగి ఇళ్లు వెతికాను. ఒకచోట కప్పు తక్కువ, ఒకచోట చెమ్మ, ఇంకోచోట ఇంటివాళ్లకు మగ్గం చప్పుడంటే పడదు. వెళ్లినప్పుడల్లా ఆ చుట్ట సన్నబడుతుండేది.

"కాస్త నిదానంగా నేయక్కా," అన్నాను ఒకసారి.

"నిదానంగా నేస్తే తినేదేంది?" అంది.

చివరి చీర నడుస్తుంటుందనుకుని వెళ్లిన రోజున చూస్తే, మగ్గం దగ్గర ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని, పాత వార్పు కొసలకు కొత్త వార్పును పోగు పోగుకూ అతుకుతున్నారు. "ఇదేమిటక్కా?" అన్నాను.

"మగ్గం ఎప్పుడన్నా ఖాళీగా పెడతామా అప్పా?" అందామె. "పాతది అయిపోకముందే కొత్తది అతికిస్తాము. మా పెండ్లయినకాడి నుంచి అంతే. ఈతూరి అతికేవాళ్లను రవంత ముందుగానే పిలిపిస్తి."

నవ్వబోయేంతలో గుమ్మంలో ఇంటాయన. నేను పోట్లాటకు సిద్ధమయ్యాను. ఆయన లోపలికి వచ్చి, నిండు వార్పు మీద అరచేయి ఆనించి మెల్లగా జరిపాడు. ఒకచోట చేయి ఆగింది. తెగిన పోగు వేళ్లకు తగిలింది. దాన్ని తడుముకుంటూనే ముడివేశాడు.

"అయిపోయినంక చెప్పమ్మా," అన్నాడు.

"అట్లనేన్నా," అందామె.

అంతటితో నా గాబరా తగ్గాలి. తగ్గలేదు, ఇంకోవైపు తిరిగింది. ఆ మాట తండ్రిది, కొడుకుది కాదు. ఇప్పటికీ ఆ కుటుంబానికి ఇల్లు వెతుకుతూనే ఉన్నాను. ధర్మవరంలో దిగగానే ముందు ఆ పెద్దాయన ఎలా ఉన్నాడని అడుగుతాను. పోయిన వారం జ్వరమన్నారు. అంత మండిపడ్డవాణ్ణి, స్టేషన్ బయట దానిమ్మపళ్లు కొనుక్కుని ఆయనింటికి పరిగెత్తాను. తలుపు తీసింది కొడుకు. పెద్దాయన మంచం మీద ఉన్నాడు. నా గొంతు గుర్తుపట్టి, "ఏమప్పా, వార్పు ఎంతుండాది?" అన్నాడు.

నేనింకా ఆ నేతవాళ్లింటికి వెళ్లలేదు, మగ్గం చూడనేలేదు.

"నిండుగా ఉంది పెదనాయనా," అన్నాను, కొడుక్కి వినపడేలా.