పటంలో కదిలిన చెయ్యి

మా తమ్ముడు మద్దయ్య యుద్ధానికి పోయినవాడు. ఈ మాట నేను పదేళ్ళు చెప్పాను. మా పుల్లంపేటలో ఒక్కరూ నమ్మలేదు. ఇప్పుడు నమ్మనివాళ్ళు ఒక్కరూ లేరు. ఎట్లా నమ్మించానో రాస్తున్నాను. నేను రెండో తరగతితో బడి మానినదాన్ని. రాతలో తప్పులుంటే దిద్దుకొని చదువుకోండి. జరిగినదాంట్లో మాత్రం దిద్దడానికి ఏమీ లేదు.

మా అమ్మ పోయేనాటికి నాకు పద్నాలుగేళ్ళు, వాడికి నాలుగు. ఇంట్లో ఒక గుంటమగ్గం, ముసలి నాయన. వాడికి ఆరేళ్ళు రాగానే పక్కన కూర్చోబెట్టుకొని అచ్చు అతకడం నేర్పాను. తెలియనివాళ్ళకు చెబుతాను. మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు, దాని కొసలకు కొత్త పడుగు కొసలను ఒక్కొక్క పోగుగా కలపాలి. బొటనవేలికీ చూపుడువేలికీ బూడిద రాసుకొని, రెండు పోగులూ చేర్చి ఒక్క మెలి తిప్పాలి. ముడి వెయ్యకూడదు, మెలి ఊడకూడదు. అట్లా రెండు వేల పోగులకు పైనే ఉంటాయి.

పదేళ్ళు వచ్చేసరికి వాడు మా వీధిలో అందరికంటే వేగంగా అతికేవాడు. పని లేనప్పుడు కూడా ఆ వేళ్ళు ఆగేవి కావు. గుడిలో హారతి చూస్తూ తిప్పేవాడు, నిద్రలో తిప్పేవాడు.

"రేయ్, ఆ చెయ్యి కాసేపు పండబెట్టరా! దేవుడి జందెం గూడా అతుకుతావా ఏమి?" అని తిట్టేదాన్ని. నవ్వేవాడు. వేళ్ళు మాత్రం ఆగేవి కావు.

వాడికి ఇరవై ఏళ్ళప్పుడు, పందొమ్మిది వందల పదిహేడులో, పటాలానికి మనుషులను చేర్చుకుంటున్నారని రాజంపేటలో చాటారు. పొద్దున పోయినవాడు సాయంత్రానికి ముఖం వేలాడేసుకొని వచ్చాడు.

"మగ్గపోళ్ళు వద్దంటక్కా. గుంటలో కూచోని కూచోని కాళ్ళు సన్నబడిపోయింటాయంట. నిలబడలేరంట. నవ్వినారు."

"నవ్వితే నవ్వనీ. మగ్గం ఉండాది గదా, కూడు పెడతాది."

"నవ్వినారక్కా," అన్నాడు మళ్ళీ.

నాలుగో రోజు తెల్లవారి కడపకు బయలుదేరాడు. గడప దిగుతూ నా చెవిలో చెప్పాడు. "ఈ తూరి పేరు మార్చి, రైతుబిడ్డనని చెప్తా. ఎవురికీ అనొద్దు." ఏ పేరు పెట్టుకుంటాడో నేను అడగలేదు. బుద్ధి లేకపోయింది.

వాడు చేసిన తప్పు ఒక్కటే. మగ్గం మీద చీర సగంలో ఉంది. మాలో ఎత్తిన పడుగు నేసి దించకుండా మగ్గం వదిలినవాణ్ణి మనిషిగా లెక్కపెట్టరు. మా పొరుగింటి సుబ్బక్కకు అంతకంటే ఏం కావాలి?

"పటాలమూ లేదు, గిటాలమూ లేదు. బొంబాయి మిల్లులో చేరి ఎవత్తెనో కట్టుకోనుంటాడు. అచ్చు వదిలి పారిపోయినోడు తుపాకుల ముందర నిలబడతాడా?" అని వీధంతా తిప్పింది.

నాయన అప్పటికే లేడు. ఆ సగం చీర నేనే గుంటలోకి దిగి నేశాను. మా వీధిలో ఆడది గుంటలో దిగడం అదే మొదలు. దానికీ నవ్వారు. పారిపోయినోడి అక్క అన్న పేరు మాత్రం పోలేదు. అచ్చు అతకాలంటే వీధిలో ఒకరింటికి ఒకరు చెయ్యి సాయం పోవడం మా వాడుక. మా గడప మాత్రం ఎవరూ తొక్కలేదు. పదేళ్ళు రెండు వేల పోగులూ నేనొక్కదాన్నే అతుక్కున్నాను. వాడి నుంచి ఉత్తరం రాలేదు. ఎట్లా వస్తుంది? రైతుబిడ్డకు నేతవీధిలో అక్క ఎక్కడిది?

పదేళ్ళు దాటాక ఒక కబురు వచ్చింది. అప్పుడు కడపలో చేరిన పటాలంలో బతికి వచ్చినవాళ్ళు కూడి, పోయినవాళ్ళ పేర్లు ఒక రాతి మీద చెక్కిస్తున్నారట. హవల్దారుగా చేసిన గాబ్రియేలు దగ్గర యుద్ధం జరిగిన సముద్రం అవతలి బస్రాలో తీసిన పటం ఉందట. కడపకు వచ్చి, తమవాళ్ళను అందులో గుర్తుపట్టి పేరు చెప్పుకోవాలట. నేను రైలెక్కాను. పిలవకుండానే సుబ్బక్క కూడా ఎక్కింది.

"నీకెందుకమ్మా ఈ శ్రమ?" అన్నాను.

"నీ తమ్ముడు కనపడకపోతే నిన్ను పట్టుకోని ఇంటికి తెచ్చేటోళ్ళు ఒకరు ఉండాల గదా," అంది.

కడపలో ఒక సత్రం అరుగు మీద బల్ల వేసి పటం పెట్టారు. మూడు వరుసల్లో అరవై మంది. అందరికీ ఒకే పాగా, ఒకే చొక్కా, ఒకే మీసం. ముఖాలు బొటనవేలి గోరంత. మద్దయ్య పోయేటప్పుడు వాడికి మీసమే సరిగా రాలేదు. ఏ ముఖమని వెతకను? యుద్ధం ముగిసినా రాలేదు గనుక, వాడు లేడని నాకు ఎప్పుడో తెలుసు, ఆ ఏడుపు ఇంట్లోనే అయిపోయింది. కడపకు ఏడవడానికి రాలేదు, పేరు చెక్కించడానికి వచ్చాను. అది కాకుండానే తిరిగి పోవాలేమోనని మళ్ళీ మొదటి వరుస నుంచి వెతికాను.

కమలాపురం నుంచి ఒక పెద్ద రైతు కుటుంబం మాకంటే ముందే వచ్చి ఉంది. తల్లి వెంకటలక్ష్మమ్మ, పెద్దకొడుకు మహానంది. కుర్చీలో కూర్చున్న దొరకు సరిగ్గా వెనక నిలబడిన మనిషి మీద మహానంది వేలు పెట్టాడు.

"వీడే మా తమ్ముడు తిమ్మయ్య."

గాబ్రియేలు తల గోక్కున్నాడు. "తిమ్మయ్యే. కాని అన్నా, మాలో ఇద్దరు తిమ్మయ్యలు ఉండిరి. ఇద్దరూ కడప జిల్లానే, ఇద్దరూ రైతులమనే చెప్పినారు. ఇద్దరూ ఆడే జొరమొచ్చి పోయినారు. రెండో ఆయన ఇదో, కింద ఈ కొసన కూచోనుండాడు. ఆయన కోసరం ఎవురూ రాలేదు."

"కింద కూచునేటోడు మా ఇంట్లో పుట్టలేదు," అన్నాడు మహానంది. "మావాడు దొర ఎనకాలే ఉంటాడు."

సుబ్బక్క నా డొక్కలో పొడిచింది. "పోదాం పా. ఈడ మద్దయ్య అన్న పేరే లేదు."

నేను కదల్లేదు. దొర వెనక మనిషినే చూస్తున్నాను. మిగతావాళ్ళ కనపడే చేతులన్నీ ఉలితో చెక్కినంత తేటగా ఉన్నాయి. ఈ మనిషి కుడిచేతి వేళ్ళ దగ్గర మాత్రం పొగ కమ్మినట్టు మసక.

"ఈ మరక ఏందన్నా?" అన్నాను.

"మరక గాదక్కా. పటం తీసేటప్పుడు కదిలితే అట్లయితాది. కదలొద్దని దొర మూడు తూర్లు అరిచినాడు. ఈయప్ప బొమ్మ మాదిరే నిలబడినాడు గాని, ఆ వేళ్ళు ఆపలేకపాయ. ఎప్పుడూ అంతే."

"ఎట్ల కదిపేటోడు? నువ్వు కదిపి చూపీ."

గాబ్రియేలు బొటనవేలు చూపుడువేలి మీద పెట్టి ఒక మెలి తిప్పాడు.

అది అచ్చు అతికే మెలి. మహానంది వైపు తిరిగాను. "ఏమప్పా, మీ తమ్ముడు ఇంటికాడ ఏం పని చేసేటోడు?"

"ఇంకేం పని? మడక దున్నేటోడు."

"మడక పట్టినోడిది పిడికిలప్పా. రెండు వేళ్ళతో మెలి తిప్పే పని మీ చేన్లో యాడుండాది?"

సత్రం పొయ్యిలోంచి చిటికెడు బూడిద తెచ్చాను. నా చీర కొంగు నుంచి రెండు పోగులు లాగి, బూడిద వేళ్ళతో ఒక్క మెలి తిప్పి గాబ్రియేలు చేతికిచ్చాను. ఆయన లాగి చూశాడు. ఊడలేదు.

"అయ్యో దేవుడా! మా డేరాలు చినిగితే ఈయప్ప ఇట్లనే పోగుకు పోగు అతికేటోడు. రైతుకు ఈ ఇద్దె ఎట్లొచ్చెనా అనుకుంటిమి. ఆ పనితనం చూసే దొర ఈయప్పను తన ఎనకాల నిలబెట్టుకునె."

"సుబ్బక్కా," అన్నాను. "నువ్వూ మగ్గం ఇంట్లో పుట్టినదానివే. నీ నోటితోనే చెప్పు. ఇది ఎవరి చెయ్యి?"

సుబ్బక్క పటం మీదికి వంగింది. లేచాక దాని గొంతు నాకే సరిగా వినపడలేదు.

"అచ్చు అతికే చెయ్యే. మద్దయ్యదే."

మహానంది ఏదో అనబోయాడు. అంతలో వాళ్ళమ్మ వెంకటలక్ష్మమ్మ బల్ల పట్టుకొని నిలబడిపోయింది. "అయితే నా బిడ్డ యాడ?"

నా నోరు మంచిది కాదు, నాకు తెలుసు. కాని ఆ ముఖం చూసి ఎక్కువ అనలేకపోయాను. "కింద వరస చూడమ్మా," అన్నాను.

"మావాడు కింద..." అనబోయింది ఆమె.

"నీకు బిడ్డ కావాల్నా, దొర కుర్చీ కావాల్నా?"

ఆమె వంగి, కొసన కూర్చున్నవాడి దగ్గర కళ్ళు ఆనించి చూసింది. వాడి కుడిచెవి తమ్మె రెండుగా చీలి ఉంది. "చిన్నప్పుడు దూడ చెవిపోగు పట్టి లాగింది," అని అరచేయి పటం మీద ఆనించి, ఎంతసేపటికీ తీయలేదు. మహానంది తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

గాబ్రియేలు కాగితం తీసుకున్నాడు. "మరి ఈయప్పను తిమ్మయ్య అనే రాయల్నా?"

"తిమ్మయ్య ఈయమ్మ బిడ్డ. నా తమ్ముడిది నాయన పెట్టిన పేరే రాయి. మద్దయ్య. పుల్లంపేట. నేతగాడు. ఆ మూడో మాట వదిలిపెడితే నేను ఈ అరుగు దిగను."

"రాయప్పా," అంది వెంకటలక్ష్మమ్మ. "నా బిడ్డ పక్కనే రాయి."

అట్లాగే చెక్కారు. రాయి నిలబెట్టిన రోజు పోయి, ఒక్కొక్క అక్షరం వేలితో తడిమి చదువుకున్నాను. కాళ్ళు సన్నమని నవ్వులపాలైనవాడు బస్రాలో దొర వెనక నిలబడ్డాడు. ఇప్పుడు కడపలో రాతి మీద నిలబడ్డాడు.

పటం చూసి కడప నుంచి తిరిగి వచ్చిన వారానికే మా మగ్గం మీద పడుగు అయిపోవచ్చింది. బూడిద చిప్ప పెట్టుకొని కూర్చున్నాను. ఎవరో వచ్చి ఎదురుగా కూర్చొని, చిప్పలో వేళ్ళు ముంచారు. సుబ్బక్క.

"నిదానంగా అతుకు," అన్నాను. "ఇది పటాలంలో చేసినోడి మగ్గం."

"తెలుసులేవే. నేను సూసొచ్చినా గదా," అని పోగు అందుకుంది.