కార్వాన్ అరుగు దగ్గర ఆగిపోయిన ఓడ

పోయినేడాది టర్కీ వెళ్లి, అపొస్తలుడు పౌలు సువార్త చెబుతూ తిరిగిన ఊళ్లు కొన్ని చూసి వచ్చాను. ఎఫెసు శిథిలాల ఫోటోలను హైదరాబాద్ ఉప్పుగూడలో ఉండే మా పెద్దమ్మ రత్నమ్మకు చూపించాను. ఆవిడ ఒక్కో రాతివీధినీ ఫోన్లో పెద్దది చేసి చూసి, "బాటలు మంచిగున్నయి బిడ్డా. మరి ఆయన ఎవలింట్ల దిగిండు?" అని అడిగింది. నేను రాళ్ల గురించే చెప్పుకొచ్చాను. పెద్దమ్మ పెళ్లి చేసుకోలేదు. వయసులో ఉన్నప్పుడు పాతబస్తీ గల్లీల్లో ఇంటింటికీ నడిచి ఆడవాళ్లకు సువార్త కథలు చెప్పేది. "మరి నువ్వు ఎవరింట్లో దిగేదానివి?" అన్నాను. ఫోన్ పక్కన పెట్టింది. "కార్వాన్‌ల ఒక షావుకారోళ్ల ఇల్లుండె. అరుగు మీద కూసోనిచ్చేటోళ్లు. గా గల్లీల ఏండ్లు తిరిగిన. ఒక్కరు గూడ చర్చికి రాలే. నా నడకంత వట్టిగనే పోయిందేమో" అంది. ఆ ఇల్లు చూడటానికి వెళ్దామని నేనే పట్టుబట్టాను.

మంగళవారం ఉదయం తొమ్మిది దాటాక ఉప్పుగూడ స్టేషన్లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కాం. కాచిగూడకు టికెట్ పది రూపాయల లోపే. అక్కడి నుంచి బేగంబజార్‌కు ఆటో నూట ఇరవై అడిగాడు. పెద్దమ్మ మోకాళ్లు చూసి నేను బేరమాడలేదు. షావుకారు ఇంటి పేరు ఆమెకు గుర్తులేదు. బేగంబజార్లో వాళ్లకు పసుపు, మిరప దుకాణం ఉండేదని మాత్రం తెలుసు. కార్వాన్ పేరు వినగానే డ్రైవర్ వెనక్కి తిరిగాడు. "పురానా జమానాల బేపారోళ్ల ఒంటెలు, బండ్లు గక్కడ్నే ఆగుతుండెనంట అమ్మా. అందుకే కార్వాన్ అన్నరు."

ఆ మాట నాలో ఉండిపోయింది. తొలి శతాబ్దంలో సువార్త వెళ్లింది కూడా సరుకు వెళ్లే దారుల్లోనే. పౌలు ఎక్కినవి ధాన్యం మోసే ఓడలు. ఫిలిప్పీలో ఊదారంగు బట్టలమ్మే ఒక స్త్రీ ఇంట్లో దిగాడు. కొరింథులో డేరాలు కుట్టే దంపతుల దగ్గర ఉండి తనూ డేరాలు కుట్టాడు. పెద్దమ్మ అడిగినదానికి జవాబు నేను చదివిన బైబిల్ పుటల్లోనే ఉంది. టర్కీలో రాళ్లు చూస్తూ దాన్ని తలుచుకోలేదు, అంతే.

బేగంబజార్ మొదట్లోనే ఆటో ఆపేశాడు. "అందర్ నహీ జాతా అమ్మా, మాల్ దించుతున్నరు." బస్తాలు మోసే హమాలీలకు దారిస్తూ, ఘాటుకు తుమ్ముతూ, కార్వాన్‌లో ఇల్లున్న షావుకారు దుకాణం ఏదని మూడు మిరప దుకాణాల్లో అడిగాం. నాలుగోదాంట్లో గల్లా దగ్గర కూర్చున్న యాభై ఏళ్లాయన మా మాట పూర్తిగా విని, పెద్దమ్మ తెల్లచీరను, చేతిసంచిని చూశాడు.

"అది మా ఇల్లే. ఏం పని? మతం గిట్ల చెప్తందుకు వచ్చిండ్రా?"

పెద్దమ్మ ముఖం చిన్నబోయింది. "లేదు బాబూ. మీ ఇంట్ల మంచినీళ్లు తాగినదాన్ని. ఒక్కసారి చూసి పోదామని వచ్చిన."

వెనక్కి వెళ్లిపోదామని నేను ఆమె చేయి పట్టుకున్నాను. ఆయన ఏమనుకున్నాడో, పేరడిగి ఇంటికి ఫోన్ చేశాడు. "అమ్మా, ఎవరో రత్నమ్మనట..." మాట పూర్తికాకముందే అటువైపు గొంతు మాకు కూడా వినబడేంత గట్టిగా వచ్చింది. "ఓడ కథ చెప్పే రత్నమ్మనా? తోలియ్ రా, జల్ది తోలియ్!"

మూసీ దాటాల్సిన పనిలేదు. పురానాపూల్ పక్క నుంచి ఇదే ఒడ్డున పోతే కార్వాన్ వస్తుంది, ఆటోలో పావుగంట. ఇంటి ముందుభాగం పడగొట్టి రెండంతస్తులు లేపారు. అరుగు లేదు. గుమ్మంలో దుకాణం ఆయన తల్లి సావిత్రమ్మ నిలబడి ఉంది. అప్పట్లో ఆమె ఆ ఇంటి కొత్తకోడలు. బయటికి రానిచ్చేవారు కాదట, తలుపు వెనక నిలబడి వినేది. పెద్దమ్మకు ఆమె ముఖం కూడా సరిగ్గా తెలియదు, గాజుల చప్పుడే తెలుసు.

లోపల దివాన్ మీద కూర్చోబెట్టి అల్లం చాయ్ ఇచ్చింది. మేం ఒక గుక్క తాగామో లేదో అడిగేసింది. "ఓడ ఇసుకల దిగబడ్డది, ఎనకదిక్కు అలలకు పగులుతున్నది, సిపాయిలు ఖైదీలను సంపుదామంటున్నరు అని చెప్పి పోయినవ్. మళ్ల రాకపోతివి. ఆళ్లు ఏమైండ్రు?"

పెద్దమ్మ చాయ్ కింద పెట్టింది. "మిషనోళ్లు నన్ను జహీరాబాద్ దిక్కు మార్చిండ్రు అక్కా. చెప్పి పోతందుకు గూడ టైం ఇయ్యలే." అని, గొంతు సవరించుకుని, ఆగిన చోటునుంచే అందుకుంది. సిపాయిల నాయకుడు వాళ్లను ఆపాడు. ఈత వచ్చినవాళ్లు దూకారు, రానివాళ్లు ఓడ చెక్కలు పట్టుకున్నారు. ఒక్కరు కూడా చావలేదు. ఖైదీగా ఉన్న పౌలు కూడా ఒడ్డెక్కాడు. వాన, చలి. ఆ ద్వీపంలోని వాళ్లు వచ్చి మంట వేసి, అందర్నీ దగ్గరికి పిలిచారు.

"మంట పెట్టినోళ్లు ఈయన దేవుణ్ణి నమ్మినోళ్లేనా?"

"ఆయనెవరో గూడ తెల్వదక్కా ఆళ్లకు. తడిసి వణుకుతున్నరని పెట్టిండ్రు, గంతే."

సావిత్రమ్మ దగ్గరికి జరిగింది. "మా అత్త నిన్ను గడప దాటనియ్యలే. నాకు మస్తు బాధయ్యేది" అంటూ పెద్దమ్మ మోకాలి మీద చెయ్యి వేసింది. అప్పుడు చూశాను, భోజనానికి వచ్చిన కొడుకు చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి వింటున్నాడు. "గంత తుఫాన్ల ఒక్కరు గూడ పోలేదా?" అన్నాడు. పెద్దమ్మ నవ్వి, "ఒక్కరు గూడ పోలే బాబూ" అంది. ఆయన లోపలికి వచ్చి, మాకూ కంచాలు పెట్టమని చెప్పాడు.

తొలి రోజుల సువార్త వ్యాప్తి అంటే వేలమంది ముందు ఉపన్యాసాలు, విశ్వాసుల లెక్కలు గుర్తొస్తాయి. కానీ నడిచేవాడికి ప్రతి రాత్రీ తలదాచుకోవడానికి ఒక ఇల్లు కావాలి. తలుపు తీసినవాళ్లందరూ విశ్వాసులు కాలేదు. అయినా వాళ్లు లేకపోతే ఆ మాట తర్వాతి ఊరు చేరేది కాదు. పెద్దమ్మ లెక్కలో ఆ గల్లీ సున్నా. అదే గల్లీలో ఒక స్త్రీ, పగిలిపోతున్న ఓడ మీదివాళ్లు ఏమయ్యారో తెలుసుకోవాలని ఇన్నేళ్లూ ఎదురుచూసింది. దీన్ని ఏ లెక్కలో వేయాలో నాకు తెలియదు. తిరుగు రైల్లో పెద్దమ్మ కిటికీలోంచి చూస్తూ, "అక్క ఎల్లుండి బేస్తారం రమ్మన్నది. గీసారి నేనొక్కదాన్నే పోతా, బాట యాదికొచ్చింది" అంది.

ఈ దారిలో వెళ్లేవారికి ఒక్క మాట: ఎంఎంటీఎస్ బండ్ల మధ్య చాలా వ్యవధి ఉంటుంది, ముందే సమయాలు చూసుకోండి. కానీ ఎవరైనా కూర్చోమని చాయ్ పెడితే మాత్రం గడియారం చూడకండి. ఆ బండి పోతే ఇంకొకటి వస్తుంది.