చిప్ కింది పసుపు మరక

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన ఏడాది అక్టోబరులో నేను అమెరికాలో, డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లోని ఒక రిపేర్ డిపోలో సీనియర్ ఫెయిల్యూర్ అనాలిసిస్ ఇంజినీరుని. హోదా పొడుగే కానీ పని సూటిది: చచ్చిన సర్క్యూట్ బోర్డు ఎందుకు చచ్చిందో చెప్పి, వీలైతే బతికించడం. కారణం రాయకుండా ఏ బోర్డూ గడప దాటకూడదన్నది మా పై అధికారి లిండా శాసనం.

దసరా వెళ్ళిన వారం ఒక యూనివర్సిటీ ల్యాబ్ నుంచి ఫ్రీజర్ కంట్రోల్ బోర్డు వచ్చింది. ఇంట్లో ఐస్‌క్రీమ్ దాచుకునే ఫ్రీజర్ కాదు, రక్త నమూనాలను మైనస్ ఎనభై డిగ్రీల్లో దాచేది. పంపినది స్రవంతి అనే పీహెచ్‌డీ విద్యార్థిని. ఆమె కొన్నేళ్ళుగా పోగుచేసిన నమూనాలు పక్క ల్యాబ్‌వాళ్ళ ఫ్రీజర్‌లో తలదాచుకుంటున్నాయి. శుక్రవారానికల్లా చోటు ఖాళీ చేయమని వాళ్ళు చెప్పేశారు. అవి కరిగిపోతే పరిశోధన మళ్ళీ మొదటికొస్తుంది.

లోపం దొరకడం కష్టం కాలేదు. మీటరు పెట్టి చూస్తే చిప్‌లకు కరెంటు అందించే లైను నేరుగా గ్రౌండుకు తగులుతోంది. షార్ట్ అంటే ఇదే. ఆ లైను మీద ఉన్న భాగాలన్నీ ఒక్కొక్కటిగా పీకి చూడలేం. అందుకని బోర్డంతా ఆల్కహాల్ పూసి, కొద్దిపాటి వోల్టేజీ ఇచ్చాను. షార్టయిన భాగం వేడెక్కుతుంది, దాని మీద ఆల్కహాల్ ముందుగా ఆరిపోతుంది. ఫ్రీజర్ మోటారును ఆన్, ఆఫ్ చేసే రిలే స్విచ్‌లను నడిపే చిప్ మీద ఆరింది. వేడిగాలితో టంకం కరిగించి దాన్ని లేపాను.

కింద పసుపుపచ్చ మరక. టంకం పట్టడానికి వాడే ఫ్లక్స్ తాలూకు పాత మడ్డి అన్నాడు పక్క బెంచీ గ్రెగ్. కొత్త చిప్ పెట్టేముందు చోటు శుభ్రం చేద్దామని క్షారం కలిసిన క్లీనర్ ఒక చుక్క వేశాను. మరక ఎర్రబడింది. గ్రెగ్ వెనక్కి జరిగి గ్లవ్స్ తొడుక్కున్నాడు. నేను మాత్రం పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్ళతో దిష్టి తీసే ఇంట్లో పుట్టినవాణ్ణి. స్రవంతికి ఫోన్ చేశాను.

సీరియల్ నంబరు వగైరా ఇంగ్లీషులో అయ్యాక, తెలుగులో అడిగాను. "ఫ్రీజర్‌కి ఆయుధపూజ చేశారా అమ్మా?"

"మీకెలా తెలుసు అంకుల్?"

"బోర్డు చెప్పింది."

"ఫ్రెండ్స్ అందరూ కార్లకి చేసుకున్నారు అంకుల్. నాకు కారు లేదు. నా లైఫ్ మొత్తం ఆ ఫ్రీజర్‌లోనే ఉంది."

పసుపునీళ్ళు చల్లి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు పైన గాలి జాలీ మీద పోసిందట. నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. డ్యూటీలో ఉన్నాను కాబట్టి రెండూ ఆపుకున్నాను. పైనుంచి పోసిందంటే దిగువనున్న సెన్సర్ బోర్డు కూడా తడిసే ఉంటుంది. కొబ్బరినీళ్ళు ఎండినా అందులోని ఉప్పులు మిగిలి కరెంటును దారి తప్పిస్తాయి. చిప్ ఒక్కటే మార్చి పంపి ఉంటే, నమూనాలు లోపల పెట్టాక ఫ్రీజర్ మళ్ళీ ఆగిపోయేది. ఆ బోర్డూ తెమ్మన్నాను. రూమ్మేట్ కార్లో తెచ్చి, నేను కడిగినంతసేపూ గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది.

"రిపోర్ట్‌లో కోకోనట్ అని రాస్తారా అంకుల్? మా ప్రొఫెసర్ చదువుతారు."

రాయక తప్పదన్నాను. రాశాను. లిండా చదివి, ఈ ఆచారం ఏటా ఉంటుందా అని అడిగింది. ఉంటుందన్నాను. అయితే నివారణ చర్య కూడా చేర్చమంది. "ద్రవాలు వాడేముందు ప్లగ్ తీయవలెను" అని చేర్చాను. బోర్డులు గురువారం వెళ్ళాయి. ఫ్రీజర్ చల్లబడింది, నమూనాలు సొంతగూటికి చేరాయి. ప్రొఫెసరుగారు రిపోర్టు రెండుసార్లు చదివి, ఈసారి పూజకి తననూ పిలవమన్నారట.

మరుసటి దసరాకి స్రవంతి మళ్ళీ ఫోన్ చేసింది. "అంకుల్, మీరు రాసినట్టే ప్లగ్ తీసేశా. పూజ పూర్తయ్యేదాకా అలాగే ఉంచనా?"

నమూనాలన్నీ లోపలే ఉన్నాయి. ముందు ప్లగ్ పెట్టమని అరిచాను. నేను ఆఫీసులో గొంతు పెంచగా గ్రెగ్ విన్నది అదే మొదలు. బొట్టు తలుపుకి పెట్టి, కొబ్బరికాయ పార్కింగ్ లాట్‌లో కొట్టుకోమన్నాను.

పాడైన చిప్‌ని బోర్డే చూపిస్తుంది. ఎందుకు పాడైందో వాడిన మనిషి చెబుతారు. ఇక ప్లగ్ తీయమని రాసేముందు, ఆ ప్లగ్ అక్కడ ఎందుకుందో రాసేవాడు ఆలోచించుకోవాలి.