చేత్తో తిప్పే లెన్సు

పోతులయ్య చివరిగా చేసిన పని, ధర్మవరంలోని తన ఇంటి గడప మీద కూర్చుని మెత్తటి పాత పంచెగుడ్డతో లెన్సు తుడవడం. తుడిచి, మూత పెట్టి, "పాపా, టీ పెట్టు" అన్నాడు. కూతురు హరిత గ్లాసుతో వచ్చేసరికి గోడకు ఆనుకుని ఉన్నాడు. గుండె ఆగిపోయింది.

ఇరవై ఎనిమిదేళ్లు ఆ లెన్సుతోనే పెళ్లిళ్లు తీశాడాయన. రీలు కెమెరా మూలపడ్డాక, బడిలో పాఠాలు చెప్పే హరిత తన జీతంతో హిందూపురంలో ఒక చిన్న డిజిటల్ కెమెరా కొనిచ్చింది. పాత లెన్సు పడుతుందా అని అడిగితే, "బ్రహ్మాండంగా పడతాదక్కా" అన్నాడు అంగడాయన. పట్టడం పట్టింది. బటన్ నొక్కితే బొమ్మ తేటపడేలా తిరగాల్సిన లెన్సు మాత్రం కదల్లేదు. ఆ లెన్సును తిప్పే మోటారు పెద్ద కెమెరాల్లోనే ఉంటుందట, ఇందులో లేదట. పోతులయ్య మళ్లీ పోయి అడిగితే, "పాతసామానుకు మేమేం జేస్తామప్పా, కొత్తది కొనుక్కో" అని నవ్వాడు. అమ్మేటప్పుడు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు, నవ్వడానికి మాత్రం వచ్చింది!

"పోనీలే పాపా. మోటారు లేకుంటే చెయ్యి ఉండాది కదా" అన్నాడు పోతులయ్య. కెమెరా కిటికీలోంచి చూస్తూ, కంటి అంచనాతో లెన్సు రింగు చేత్తో తిప్పుకుంటూనే పనిలోకి దిగాడు.

పెనుకొండలో మాధవీలత పెళ్లి. తాళికట్టుకు ఒక్కటే నొక్కు, రీలు నాటి అలవాటు. తీసింది వెనక తెర మీద చూసుకోవడం ఆయనకు నామోషీ. ఆ ఒక్కటే మసకగా వచ్చింది. భోజనాల దగ్గర పెళ్లికూతురి అన్న సాయిప్రసాద్ కెమెరా లాక్కుని, ఫోటో పెద్దది చేసి బంతిబంతికీ చూపించాడు.

"ఏమప్పా, తాళి యాడుండాది దీంట్లో? మంచుకు పెండ్లి జేసినావా?"

"ఇంగొకటి తీస్తానప్పా..."

"ఏం, మళ్లా కట్టమంటావా తాళి? కండ్లు పోయినోనివి ఇంట్లో కూచోరాదా!"

బంతిలో అందరూ నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో సగంమంది పెళ్లిఫోటోలు తీసింది ఆయనే. సాయిప్రసాద్ అమ్మానాన్నల పటం కూడా ఆయన తీసిందే, ఆ ఇంటి గోడకే వేలాడుతోంది. ఒక్కరంటే ఒక్కరు "ఊరుకోప్పా" అనలేదు.

బస్సులో పోతులయ్య, తోడుగా వచ్చిన హరితతో నెమ్మదిగా అన్నాడు: "నిజమే పాపా. కెమెరాలోంచి చూస్తే అంతా మసకమసకే. కండ్లు పోయినాయి."

డాక్టరు దగ్గరికి రమ్మంటే రాలేదు. ఒప్పుకున్న పెళ్లిళ్లు వేరేవాళ్లకు ఇచ్చేశాడు. ఎనిమిది నెలలు బతికాడు.

దినాలయ్యాక హరిత కెమెరా తీసుకుని నేరుగా హిందూపురం పోయింది, అంగడాయన ముందు నాలుగు మాటలు అనేసి రావాలని. ఆయన లేడు. రిపేరు బల్ల దగ్గరున్న ముసలాయన ఆమె కోపమంతా విన్నాడు. కెమెరా కంటికి పెట్టుకుని, చూసే కిటికీ పక్కనున్న చిన్న చక్రం ఆమెకు చూపించాడు.

"దీన్ని ఎవురి కంటికి తగినట్ల వాళ్లు తిప్పుకోవాలమ్మా. ఇది ఒక పక్కకు పూర్తిగా జరిగిపోయుండాది. ఇట్లుంటే మంచి కండ్లకూ మసకే. తిప్పి చూడు."

హరిత గోటితో తిప్పింది. ఎదురంగడి బోర్డు మీది అక్షరాలు ఒక్కొక్కటే తేటపడ్డాయి.

"ఇది మాకెవురూ చెప్పలేదే!" అని అరిచింది.

"పుస్తకంలో రాసుంటాదమ్మా."

ఇంటికొచ్చి కెమెరా పెట్టె తెరిచింది. అడుగున ఇంగ్లీషు పుస్తకం, ప్లాస్టిక్ కవరు కూడా చించకుండా ఉంది. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది ఆమె ఒక్కతే. చక్రం సంగతి పదకొండో పేజీలో, బొమ్మతో సహా ఉంది.